శ్రీల డబ్బా

మొన్న మా స్కూల్లో పాత బీరువా తాళం బిగుసుకుపోయింది. అటెండరు ఎక్కడి నుంచో చిన్న సీసాలో కిరోసిన్ తెచ్చాడు. గుడ్డ తడిపి తాళం సందులోకి చుక్కచుక్కగా పిండుతున్నాడు. నేను పక్క బల్ల మీద పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్షకు పంపే పిల్లల జాబితాలు, పరుచుకుని పిల్లల పేర్లు సరిచూస్తున్నాను. ఆ వాసన తగిలేసరికి చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఇప్పుడు ఇళ్లలో కిరోసిన్ కనపడటమే అరుదు. నా వయసు వాళ్లకు ఆ వాసనతో లాంతర్లు, పంపు స్టవ్వులు, రేషన్ షాపు ముందు డబ్బాల వరస గుర్తొస్తాయి. నాకు మాత్రం సీసం అక్షరాలు గుర్తొస్తాయి. ప్రెస్సులో అచ్చయిపోయిన మేటర్ మీద, అంటే పేర్చి కట్టిన అక్షరాల మీద, కిరోసిన్ చల్లి బ్రష్షుతో రుద్దితే నల్లటి సిరా కరిగి కారిపోయేది. అడుగు నుంచి అక్షరాలు మెరుస్తూ బయటపడేవి. రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు కూడా వేళ్ల సందుల్లో ఆ వాసన ఉండేది. "ఇంకోసారి సోపేసి కడుక్కో రా" అని మా అమ్మ చెంబుతో నీళ్లు పోసేది.

నేను తెలుగు అయ్యవారిని. ఇంకొన్నాళ్లలో రిటైర్ అవుతాను. అయ్యవారు కాకముందు తొమ్మిదేళ్లు తిరుపతిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా, అంటే అచ్చుకు సీసం అక్షరాలు పేర్చేవాడిగా, పనిచేశాను. ఎప్పుడైనా సభలో నన్ను పరిచయం చేసేవాళ్లు ఆ తొమ్మిదేళ్లను "చిన్న పని చేసుకుంటూ కష్టపడి పైకొచ్చారు" అని ఒక్క ముక్కలో దాటేస్తుంటారు. నాకది మనసుకు పట్టదు. అది చిన్న పని కాదు. ఇప్పుడు నేను బతుకుతున్న పనికి కావలసిందంతా అక్కడే దొరికింది.

* * *

గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో, జట్కా కూడా దూరనంత సన్నటి సందులో ఉండేది మా ప్రెస్సు. రైలు పెట్టెలాంటి పొడుగాటి గది. ముందు కాలితో తొక్కే ట్రెడిల్ అచ్చు మిషను, దాని వెనక కటింగ్ మిషను, ఆ వెనకంతా కంపోజింగ్. ఏటవాలు స్టాండ్ల మీద చెక్క కేసులు, కేసు నిండా చిన్న చిన్న గళ్లు, గడికొక అక్షరం. ఇంగ్లీషుకు రెండు కేసులు చాలు. తెలుగుకు గుణింతాలన్నీ కావాలి, ఒత్తులన్నీ కావాలి. నాలుగైదు కేసుల మధ్య నిలబడి చేతులాడించాల్సిందే.

మా నాన్న పోయాక, ఇంటర్ అయిన ఎండాకాలంలో మా మేనమామ నన్ను చంద్రగిరి పక్కనున్న మా పల్లె నుంచి తీసుకొచ్చి ప్రెస్సు మేస్త్రీకి అప్పజెప్పాడు. మేస్త్రీ నా మార్కులు అడగలేదు. నా రెండు చేతులూ పట్టుకుని వేళ్లు చూశాడు.

"సన్నంగా ఉండాయి. పనికొస్తాడులే" అన్నాడు.

మొదటి మూడు నెలలూ నన్ను ఒక్క లైను కూడా కట్టనివ్వలేదు. డిస్ట్రిబ్యూషన్ మాత్రమే. అచ్చయిపోయిన పేజీలోంచి అక్షరాలు విడదీసి ఏ గడిది ఆ గడిలో వేయడం. "ముందు సర్దడం నేర్చుకో అబ్బోడా. సర్దడం వస్తే పేర్చడం అదే వస్తాది" అనేవాడు. అప్పుడు నాకు చాలా అవమానంగా ఉండేది. ఇంటర్ చదివినవాణ్ణి, ఈయన నాతో గింజలు ఏరిస్తున్నాడే అనిపించేది.

అక్షరం కడ్డీకి ఒక పక్కన చిన్న గాడి ఉంటుంది. దాన్ని నిక్కు అంటారు. కంటితో చూడనక్కర లేదు, బొటనవేలికి ఆ గాడి తగిలితే అక్షరం సరైన వైపు తిరిగి ఉన్నట్టు. కళ్లు కాపీ మీద, అంటే అచ్చు వేయాల్సిన రాత మీద. కుడిచెయ్యి కేసులో, ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు. స్టిక్కులో అక్షరాలు తలకిందులుగా నిలబడతాయి, పైగా అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. అలాగే చదవాలి. మొదట్లో కళ్లు తిరిగేవి. ఏడాది తిరిగేసరికి మామూలు పుస్తకం కంటే స్టిక్కే సులువుగా చదివేవాణ్ణి.

లైను చివరికి వచ్చాక అసలు పని. మాట మిగిలిపోతుంది, లేదా చోటు మిగిలిపోతుంది. అప్పుడు మాటల మధ్య స్పేసులు మార్చాలి. పలచటిది తీసి కాస్త మందంది పెట్టాలి, ఒక్కచోటే కాకుండా లైనంతా పంచాలి. సరిగ్గా బిగిస్తే స్టిక్కు వంచినా అక్షరం జారకూడదు. ఒక్క అక్షరం మరిచిపోయినా, తర్వాత ప్రూఫులో పట్టుకుంటే, ఆ పేరా చివరిదాకా లైన్లన్నీ తోసుకుంటూ పోవాలి. ఇప్పుడు కంప్యూటర్లో ఒక మీట నొక్కితే అయిపోయే దానికి మాకు పూట గడిచేది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు మిషను ఆగేది. ఆగినప్పుడే తెలిసేది అంతసేపూ అది మోగుతోందని. వెనక గదిలో కింద కూర్చుని టిఫిన్ బాక్సులు విప్పేవాళ్లం. నాది రోజూ సంగటి, చెనిక్కాయల ఊరిబిండి. చలికాలంలో అనపకాయలు వచ్చే రోజుల్లో మేస్త్రీ ఇంటి నుంచి పితికిపప్పు కూర వచ్చేది, అందరికీ ఒక గరిటె. సాయంత్రం చేతులు కడుక్కున్నాక ఆయన తలా ఒక బెల్లం ముక్క పెట్టేవాడు. సీసం విషం, బెల్లం తింటే లోపలికి పోయింది పోతాదని ఆయన నమ్మకం. నిజమో కాదో గానీ చిత్తూరు బెల్లం రుచి నా నాలుకకు ఆ సాయంత్రాలతోనే అంటుకుని ఉంది.

* * *

శ్రీల డబ్బా గురించి చెప్పాలి.

మద్రాసు నుంచి టైపు కొనేటప్పుడు ఫౌండ్రీ వాళ్లు, అంటే అక్షరాలు పోతపోసేవాళ్లు, ఏ అక్షరం ఎన్ని ఇవ్వాలో ఒక లెక్క ప్రకారం ఇస్తారు. ఆ లెక్క తిరుపతికి చాలదు. ఈ ఊళ్లో ఏ కాగితమైనా శ్రీతోనే మొదలవుతుంది. శ్రీ వేంకటేశ్వర, శ్రీ పద్మావతి, శ్రీ గోవిందరాజ, శ్రీ కపిలేశ్వర, శ్రీ కోదండరామ. లాడ్జి పేరులో శ్రీ, ఓనరు పేరుకు ముందు శ్రీ, పెళ్లికార్డు నెత్తిన శ్రీరస్తు. మూడు పనులు ఒకేసారి మిషనెక్కితే కేసులో శ్రీ గడి ఖాళీ. అందుకని మేస్త్రీ విడిగా శ్రీలు కొని, పాత పొడుం డబ్బాలో వేసి తన స్టాండు కింద దాచేవాడు. నాలుగు సైజులవి, సైజుకొక కాగితం పొట్లం. ఎవరికైనా శ్రీ కావాలంటే ఆయన్ను అడగాలి. ఆయన లెక్కపెట్టి ఇచ్చేవాడు, సాయంత్రం లెక్కపెట్టి తీసుకునేవాడు.

పెళ్లిళ్ల రోజుల్లో 'చి||', 'ల|| సౌ||' కూడా కరువే. మాఘం, ఫాల్గుణం, మళ్లీ వైశాఖం, శ్రావణం. కొండ మీదా కిందా పెళ్లిళ్లు, కార్డుల వాళ్లు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్లు. 'జానక్యాః' శ్లోకం మేము కాపీ చూడకుండా కట్టేవాళ్లం. ఆషాఢంలో, ధనుర్మాసంలో లాడ్జీల బిల్లు బుక్కులు, రిజిస్టర్లు.

ఎలక్షన్ల కరువు వేరు. 1983లో ఎన్టీఆర్ తిరుపతి నుంచి నిలబడినప్పుడు కరపత్రాలు కట్టీ కట్టీ 'ఓటు'లో 'ఓ'లు అయిపోయాయని, మేస్త్రీ సైకిలేసుకుని వేరే ప్రెస్సుకు పోయి గుప్పెడు 'ఓ'లు అరువు తెచ్చాడని చెప్పేవాడు. అది నేను చేరకముందు సంగతి. అక్షరాలు అరువు తీసుకోవడం మాత్రం నేనూ చూశాను. పక్కింటికి పోయి పంచదార అడిగినట్టే. తిరిగిచ్చేటప్పుడు కడిగి, తుడిచి ఇచ్చేవాళ్లం.

ఇంకొకటి, 'తిరుపతి, చిత్తూరు జిల్లా' అనే లైను. అది ప్రతి పనిలోనూ ఉంటుంది గనక ఎప్పుడూ విప్పేవాళ్లం కాదు. దారంతో కట్టి, సిద్ధంగా గ్యాలీలో, అంటే పేర్చిన మేటర్ ఉంచే పళ్లెంలో, పెట్టి ఉంచేవాళ్లం. తొమ్మిదేళ్లలో ఎన్ని వేల కాగితాల మీద ఆ లైను అచ్చయిందో. 2022లో తిరుపతి వేరే జిల్లా అయినరోజు టీవీలో ఆ వార్త చూస్తుంటే, దారం కట్టిన ఆ సీసం ముక్కే కళ్ల ముందు కదిలింది. దాన్ని ఇక విప్పేయొచ్చు అనుకున్నాను.

* * *

గంగజాతర వారం ప్రెస్సులో పని సగమే జరిగేది. తాతయ్యగుంట గంగమ్మకు మొక్కు లేని ఇల్లు ఆ వీధిలో ఉండేది కాదు. మా మిషన్‌మన్ చిన్నప్పటి మొక్కని ఏటా జాతర వేషాల్లో ఒకటైన 'తోటి' వేషం వేసేవాడు. ఒంటినిండా బొగ్గుపూత, వేపాకు మండలు. ఒకసారి అర్జెంటు పని ఉందని కబురు పెడితే ఆ వేషంతోనే వచ్చి ట్రెడిల్ మీద నిలబడ్డాడు. కుడిచేత్తో కాగితం పెట్టడం, ఎడమచేత్తో అచ్చయిన కాగితం తీయడం, కాలు ఆగకుండా తొక్కడం. మిషను నోరు మూసుకునే లోపల చెయ్యి బయట ఉండాలి. నల్లటి ఒళ్లు, మెడలో వేపాకు ఊగుతోంది, వెనక గోడ మీద ఆ నీడ. ఆ రోజు అచ్చయిన కాగితాల అంచుల్లో బొగ్గు వేలిముద్రలు పడ్డాయి. ఓనరు వాటిని పక్కన పడేయలేదు. "అమ్మవారి వేషం రా, పడితే పడనీ" అన్నాడు.

* * *

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. దీన్ని దాటేసి మిగతాది రాస్తే అబద్ధమవుతుంది.

ఒక పెద్దాయన తన భార్య కర్మకాండల కార్డు వేయించుకోవడానికి వచ్చాడు. పాకాల వైపు పల్లె. వంద కార్డులు. నేనే కట్టాను, నేనే ప్రూఫు చూశాను, మిషనెక్కించాం. మర్నాడు ఆయన వచ్చి కట్ట విప్పి, ఒక కార్డు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. అరవలేదు. నా దగ్గరికి వచ్చి కార్డు చూపించి,

"నాయినా, ఇది మా ఆడమనిషి పేరు కాదప్పా" అన్నాడు.

ఆమె పేరులో 'రో' ఉండాల్సిన చోట 'రా' పడింది. అంతే తేడా.

"నలభై ఏండ్లు పిలిచినా ఆ పేరు. ఇది చూస్తే వేరే ఎవరో చచ్చిపోయినట్టుండాది" అన్నాడాయన.

నాకు నోట మాట రాలేదు. మేస్త్రీ లేచొచ్చి ఆయన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, రాత్రికి వేరే కార్డులు ఇస్తామని పంపాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి 'రో' గడి మొత్తం కాగితం మీద గుమ్మరించమన్నాడు. గుమ్మరిస్తే 'రో'ల మధ్యలో నాలుగు 'రా'లు ఉన్నాయి. అంతకుముందు వారం, సినిమాకు టైమవుతోందని తొందరలో డిస్ట్రిబ్యూషన్ చేసింది నేనే. అప్పుడు తప్పు గడిలో పడేసిన అక్షరం ఈ రోజు ఆయన ఇంటిదాకా వెళ్లొచ్చింది.

మేస్త్రీ తిట్టలేదు. "కేసంతా చూసుకో" అన్నాడు. ఆ రాత్రి ఒక్కో గడీ గుమ్మరించి ఏరాను. వంద కార్డులూ మళ్లీ వేశాం. గుడిలో ఏకాంత సేవ అయిపోయి వీధి చల్లబడ్డాక ఆ పెద్దాయన బస్టాండు నుంచి మళ్లీ నడుచుకుంటూ వచ్చాడు. కార్డు తీసుకుని, ఆ పేరును బొటనవేలితో ఒకసారి తడిమాడు. లెటర్‌ప్రెస్సులో అచ్చు కాగితంలోకి దిగి ఉంటుంది, వేలికి తగులుతుంది. ఏమీ అనకుండా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

* * *

మా దగ్గర సావనీర్లు, కవుల చిన్న చిన్న పుస్తకాలు కూడా అచ్చయ్యేవి. వాటి ప్రూఫులు దిద్దడానికి ఒక తెలుగు లెక్చరర్ గారు వచ్చేవారు. ఖద్దరు చొక్కా, ఎర్రసిరా పెన్ను. తీసేయమనే గుర్తు, చేర్చమనే గుర్తు, రెండక్షరాలు తారుమారైతే వాటిని చుట్టే మెలిక, కొట్టేసినదాన్ని ఉండనీయమని కింద చుక్కలు. ఆయన గుర్తులు చూస్తూనే నేను వ్యాకరణం నేర్చుకున్నాను. ఎందుకు దిద్దారని అడిగితే ఆయన విసుక్కునేవారు కాదు. టీ కొట్టు దగ్గర నిలబడి సరళాదేశం చెప్పేవారు.

ఒకరోజు నా పక్కన స్టూలు మీద కూర్చుని, నా చేతులు ఆడుతుంటే చూస్తూ తాళ్లపాక వారి రాగిరేకుల కథ చెప్పారు. అన్నమయ్య పదాలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక అరలో దాచారు. వందల ఏళ్లు అవి అలాగే ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి గారిలాంటి పండితులు కూర్చుని ఆ అక్షరాలు చదివి, పరిష్కరించి అచ్చుకు ఇచ్చారు. "లోహం మీద తెలుగు అక్షరం పెట్టడం ఈ ఊరికి పాత పనేనయ్యా. వాళ్లు చెక్కారు, నువ్వు పేరుస్తున్నావు" అన్నారు.

నా పనిని అంతటి పనితో కలిపి మాట్లాడినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఆ నెలలోనే ప్రైవేటుగా బి.ఏ.కి కట్టాను. ఫీజు ఓనరు అడ్వాన్సుగా ఇచ్చాడు, జీతంలో పట్టుకోవడం మాత్రం మరిచిపోయాడు. పగలు కేసు ముందు, రాత్రి పుస్తకం ముందు. బి.ఏ. అయ్యాక పండిట్ ట్రైనింగు, ఆ తర్వాత డీఎస్సీ.

అప్పటికే ఊళ్లో డీటీపీ సెంటర్లు వచ్చేశాయి. గాజు తలుపు, ఏసీ, తెర మీద తెలుగు. మా దగ్గరికి బిల్లు బుక్కులు, రసీదులు మాత్రమే వచ్చేవి. మాతో పనిచేసినవాళ్లలో ఒకతను కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఇంకొకతను ఆటో కొన్నాడు. మిషన్‌మన్ లాడ్జిలో వాచ్‌మన్‌గా చేరాడు.

* * *

ఉద్యోగం ఆర్డరు చేతికొచ్చినరోజు స్వీటు పొట్లం తీసుకుని ప్రెస్సుకు పోయాను. ఓనరు కౌగిలించుకున్నాడు. మేస్త్రీ ఒక మైసూర్‌పాక్ ముక్క నోట్లో వేసుకుని, నా స్టాండు వైపు చూపించాడు.

"నీ మేటర్ సర్దేసి పో" అన్నాడు.

నేను కట్టిన చివరి పని, ఒక లాడ్జి రసీదు పుస్తకం, అచ్చయి గ్యాలీలో పడుంది. పక్కన ఇంకో రెండు పాత పనులు. చొక్కా మార్చుకుని కూర్చున్నాను. కిరోసిన్ పోసి కడిగాను. ఒక్కో అక్షరం వేలితో తడుముతూ గడిలో వేశాను. తొందరపడలేదు. 'రా' గడి దగ్గర, 'రో' గడి దగ్గర రెండోసారి చూసుకున్నాను. అయ్యేసరికి రాత్రి తొమ్మిది. మేస్త్రీ అంతసేపూ ఇంటికి పోకుండా అరుగు మీద కూర్చున్నాడు. చివర్లో శ్రీలు లెక్కపెట్టి ఆయన చేతిలో పోశాను. ఆయన మళ్లీ లెక్కపెట్టుకున్నాడు.

"సరిపోయినాయి" అన్నాడు.

తర్వాత కొన్నేళ్లకు కేసులన్నీ ఎత్తేసి టైపును తూకానికి అమ్మేశారని విన్నాను. శ్రీల డబ్బా కూడా ఆ తూకంలోనే పోయి ఉంటుంది.

మేస్త్రీ పోయినప్పుడు వాళ్ల అబ్బాయి నాకు కర్మ కార్డు ప్రూఫు వాట్సాప్‌లో పంపాడు. "ఒకసారి చూడండి సార్, మా నాయిన ఉంటే మీకే చూపించమనేవాడు" అన్నాడు. మామూలుగా ఒకసారి చదివాను. ఫోన్ తలకిందులుగా తిప్పి ఒకసారి చదివాను. చివరి అక్షరం నుంచి మొదటికి ఒకసారి చదివాను. కాసేపటికి ఆ అబ్బాయే ఫోన్ చేశాడు.

"సరిగ్గానే ఉండాది గదా సార్?"

"ఉండాది నాయనా. ఇంకొకసారి చూసి చెప్తా" అన్నాను.

* * *

నామినల్ రోల్స్ పని అంటే మా స్టాఫ్‌లో చాలామందికి టెన్షన్. ఇంటిపేరు ఆధార్‌లో ఒకలా, అడ్మిషన్ రిజిస్టర్లో ఒకలా ఉంటుంది. ఇక్కడ పడిన తప్పు టెన్త్ సర్టిఫికెట్‌లోకి ఎక్కితే ఆ పిల్ల ఉద్యోగానికి పోయినా, పాస్‌పోర్టుకు పోయినా వెంటపడుతుంది. దిద్దించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగేది కూలిపని మానుకుని వచ్చిన తల్లీతండ్రీ. అందుకే ఏ స్కూల్లో ఉన్నా ఈ పని నాకే ఇవ్వమని అడిగి తీసుకుంటాను.

పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి ఎదురుగా కూర్చోబెడతాను. కాగితం వాళ్ల వైపు తిప్పి పెడతాను. వాళ్లు వాళ్ల పేరును అక్షరం అక్షరం చదవాలి. నేను ఇవతల నుంచి తలకిందులుగా అదే చదువుతుంటాను. "సార్, మీకు అటు నుంచి ఎట్లా కనపడతాది సార్?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. ప్రెస్సు గురించి చెప్తాను. నోటుబుక్కుల్లో నేను వేసే ఎర్రసిరా గుర్తులు మా పిల్లలకు అలవాటే. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె మొన్న తన తప్పు తానే పట్టుకుని, తారుమారైన రెండక్షరాల చుట్టూ మెలిక గీసి తెచ్చింది. ఆ మెలిక అచ్చం లెక్చరర్ గారి మెలికే.

తాళం కిర్రుమని తిరిగింది. అటెండరు తలుపు లాగాడు. లోపల చెదలు పట్టని పాత రిజిస్టర్లు ఉన్నాయి. ఒకటి తీసి పేజీ వెనక్కి తిప్పి వేలితో తడిమాను. గడుల గీతలు, పైన 'విద్యార్థి పేరు' అన్న మాట కాగితం వెనకవైపు గరుకుగా తగిలాయి. ఏ ఊరి ప్రెస్సో, ఎవరి చేతులో.

బయట వరండాలో పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. రిజిస్టరు మూసి పక్కన పెట్టి, నామినల్ రోల్ మీద కాగితం బరువు తీశాను.

"తర్వాత ఎవరమ్మా? రా, కూర్చో. నీ పేరు చదువు."